వాకిలి కాసేవాడు

పోయిన ఏడాది మా బడి పిల్లల్ని గుడిమల్లం తీసుకుపోయాను. ఏర్పేడు మండలంలో, స్వర్ణముఖి ఒడ్డున ఉండే చిన్న ఊరు అది. అక్కడి పరశురామేశ్వరుడి గుడిలో ఉన్న లింగం మన దేశంలోని చాలా పాత లింగాల్లో ఒకటి. క్రీ.పూ. 2 లేదా 1వ శతాబ్దం నాటిదని ఎక్కువమంది పండితుల అంచనా, ఇంకా తర్వాతిదన్నవాళ్ళూ ఉన్నారు. సుమారు 5 అడుగుల ఎత్తుండే ఆ రాయి మీద ఒక మనిషి నిలబడి ఉంటాడు. చూడగానే వేటగాడనిపిస్తాడు. ఒక చేతిలో వెనక కాళ్ళు పట్టి వేలాడదీసిన పొట్టేలు, ఇంకో చేతిలో చిన్న పాత్ర, భుజం మీద గొడ్డలి. జంధ్యం లేదు. మా పిల్లలకి ఆ పొట్టేలు బాగా నచ్చింది. వేటకి పోయి వచ్చిన మామ ఎట్లా ఉంటాడో అట్లాగే ఉన్నాడని ఒకడు అన్నాడు.

ఐదో తరగతి చదివే ఒక పాప మాత్రం పైన చూడలేదు. ఆ వేటగాడి పాదాల కింద ఒక పొట్టివాడు కూర్చుని, అతన్ని భుజాల మీద మోస్తున్నాడు. పాప ఆ పొట్టివాడినే చూస్తూ, "కిందోడు ఎవురు సార్? వాడికి నొప్పి పుట్టదా?" అని అడిగింది.

కొందరు అతన్ని అపస్మారుడు అంటారు. అంటే దేవుడి కాలి కింద నలిగే అజ్ఞానం. కొందరు యక్షుడు అంటారు. యక్షులంటే చెట్టుని, చెరువుని, నిధిని కాపాడే పాత కావలి దేవతలు. మన దేశంలో పెద్ద గుళ్ళు లేవకముందు నుంచే జనం వాళ్ళకి మొక్కారు. అదే బొమ్మ ఒక పండితుడికి శత్రువు, ఇంకొక పండితుడికి కాపలాదారు. పాపకి ఇదంతా చెప్పలేక "మోసేవాడమ్మా" అని ఊరుకున్నాను. ఇంటికొచ్చినాక నా జవాబు నాకే చాల్లేదు. మోసేవాడూ కాసేవాడూ ఉన్నట్టుండి తొక్కాల్సినవాడుగా ఎట్లా మారిపోతారు? ఈ ప్రశ్న మన జాతుల చరిత్రలోదే. అందుకే ఈ వ్యాసం.

కావలి బొమ్మల గురించి ఎక్కువ తెలియాలంటే కొంచెం దూరం పోవాలి. ఇప్పటి ఇరాక్‌లో, మోసుల్ నగరానికి దగ్గరగా, టైగ్రిస్ నది పక్కన నిమ్రూద్ అనే చోటుంది. దాని పాత పేరు కల్హు. క్రీ.పూ. 883 నుంచి 859 దాకా ఏలిన అస్సీరియా రాజు రెండవ అషుర్‌నాసిర్‌పాల్ అక్కడ ఒక పెద్ద రాజభవనం కట్టించాడు. ద్వారాల దగ్గర మనిషి తల, ఎద్దు లేక సింహం ఒళ్ళు, పక్షి రెక్కలు ఉన్న పెద్ద పెద్ద రాతి బొమ్మలు నిలబెట్టాడు. వాటికి ఐదు కాళ్ళు. ఎదురుగా నిలబడి చూస్తే ఆగి ఉన్నట్టు, పక్క నుంచి చూస్తే నడుస్తున్నట్టు కనిపించాలని శిల్పి చేసిన ఉపాయం అది. లోపలి గోడల నిండా రెక్కల మనుషులు, గద్ద తల ఉన్న మనుషులు. ఒక చేతిలో చిన్న బక్కెట, ఇంకో చేతిలో దేవదారు కాయ లాంటిది పట్టుకుని రాజుకీ, ద్వారానికీ, ఒక చెట్టుకీ శుద్ధి చేస్తున్నట్టు ఉంటారు. మన దగ్గర వేపమండతో నీళ్ళు చిలకరించినట్టే అనుకోండి. ఆ కాలపు రాతి పలకలు కొన్ని ముంబయిలోని ఛత్రపతి శివాజీ మహారాజ్ వస్తు సంగ్రహాలయంలో ఉన్నాయి. లండన్ పోనక్కర్లేదు.

ఆ పలకల మీద నన్ను ఆపింది రెక్కలు కాదు, రాత. ఆ కావలి దేవతల నడుం మీదుగా, బట్టల మీదుగా, అడ్డంగా ఒక శాసనం చెక్కి ఉంటుంది. ఒకే శాసనాన్ని పలక తర్వాత పలక మీద మళ్ళీ మళ్ళీ చెక్కారు. రాజు ఎంత గొప్పవాడో, ఏయే దేశాల్ని లొంగదీశాడో, ఈ భవనాన్ని ఎట్లా కట్టించాడో అందులో ఉంటుంది. ఓడిన ప్రాంతాల జనాన్ని తెచ్చి కల్హులో పెట్టానని రాజే చెప్పుకున్నాడు. భవనం పూర్తయినాక పది రోజులు విందు చేశాడట. తిన్నవాళ్ళు 69,574 మంది అని లెక్క కూడా రాయించాడు. అందులో 47,074 మంది రాజ్యం నలుమూలల నుంచి పిలిపించిన ఆడవాళ్ళూ మగవాళ్ళూ. ఆ దేవత ఎవరి నుంచి ఎవర్ని కాస్తుందో దేవతని అడగాల్సిన పని లేదు, దాని ఒంటి మీదే యజమాని రాసేశాడు.

అయితే అస్సీరియాలో కావలి బొమ్మలు రాజు సొత్తు మాత్రమే కాదు. ఇళ్ళ నేల కింద కూడా మట్టి బొమ్మలు పాతిపెట్టేవాళ్ళు. రెక్కలవాళ్ళు, చేప తోలు కప్పుకున్న జ్ఞానులు, కుక్కలు. ఇంట్లోకి చెడు అడుగు పడకుండా వాటిని ఎట్లా చేయాలో, ఏ మూల పాతాలో చెప్పే రాతలు దొరికాయి. పసిబిడ్డల్ని ఎత్తుకుపోయే లమష్టు అనే పిశాచి భయం వాళ్ళకుండేది. దాన్ని తరమడానికి పజూజు అనే ఇంకో పిశాచి తలని కట్టుకునేవాళ్ళు. పురిటి గుడిసె గుమ్మానికి వేపమండ కట్టి, బిడ్డకి నల్ల తాడు కట్టే మన అవ్వలకి ఇది విడ్డూరంగా ఉండదు.

నీనెవే నగరంలో దొరికిన ఐదు చిన్న మట్టి కుక్కలు ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఒక్కోదాని ఒంటి మీద దాని పేరు రాసి ఉంది. ఒకదాని పేరుకి 'చెడుని తరిమేది' అని అర్థం. ఇంకొకదానికి 'గట్టిగా మొరిగేది' అని. ఇంకొకదాని పేరు 'ఆలోచించొద్దు, కరిచెయ్'.

ఈ పేరు దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఎందుకంటే మా తాత కథ గుర్తొచ్చింది.

మేం యానాదులం. మా తాత దామలచెరువు వైపు ఒక మామిడి తోపులో కావలి ఉండేవాడు. కాయ పట్టినప్పటి నుంచి కోత అయ్యేదాకా మంచె మీదే కాపురం. కూలి కొంత ధాన్యం, కొంత డబ్బు. రాలిన కాయ కూడా ఆసామి లెక్కలోదే. ఒక రాత్రి చెరువు కట్ట మీద గుడిసెల్లోని పిల్లలు నలుగురు కంచె దూరి పచ్చి కాయలు కోశారు. తాత పట్టుకున్నాడు. చూస్తే మా చుట్టాల పిల్లలే. నాలుగు కాయలూ వాళ్ళ చేతిలోనే పెట్టి పంపేశాడు. పొద్దున ఆసామి వచ్చి, కొమ్మ విరిగి ఉండటం చూసి అడిగితే తాత అబద్ధం చెప్పలేదు. "పిల్లకాయలు సామీ" అన్నాడు. "దొంగ చేతికి తాళాలిచ్చినట్టయింది" అని ఆసామి అదే రోజు మంచె దిగమన్నాడు.

ఈ కథ చెప్పినప్పుడల్లా వినేవాళ్ళు తాతని మెచ్చుకుంటారు. మా అవ్వ మాత్రం మెచ్చుకోలేదు. చచ్చేదాకా తిడుతూనే ఉండేది. "మాట ఇచ్చి కూలి తీసుకున్నోడు మాట నిలబెట్టుకోవాల. వాళ్ళ పిల్లలకి నాలుగు కాయలిస్తివి, నీ పిల్లల నోట్లో మన్ను కొడితివి" అనేది. ఆ ఏడాది మా నాయన బడి మానేసి ఎలకలు పట్టడానికి పోయాడు. అందుకని అవ్వ మాటని నేను తేలిగ్గా తీసిపారేయలేను. కావలివాడు ప్రతిసారీ ఆలోచిస్తూ కూర్చుంటే వాడి వెనక పడుకున్నవాళ్ళకి నిద్ర ఎట్లా పడుతుంది? పురిట్లో బిడ్డ ఉన్న తల్లికి 'ఆలోచించొద్దు, కరిచెయ్' అనే కుక్కే కావాలి. పాముని చూసి ఆలోచించే కుక్క ఎవరికి కావాలి?

పురాణంలో ఇట్లాంటి కావలివాళ్ళు ఇద్దరున్నారు. తిరుమలలో బంగారు వాకిలి దగ్గర నిలబడే జయవిజయులు. మన తిరుపతి వాళ్ళం క్యూలో తోసుకుంటూ వాళ్ళని సరిగా చూడం. వాళ్ళ కథ భాగవతం మూడో స్కంధంలో ఉంది. సనకసనందనాదులు వైకుంఠానికి వచ్చారు. పెద్ద జ్ఞానులే కానీ చూడటానికి ఐదేళ్ళ పిల్లలు, ఒంటి మీద బట్ట లేదు. జయవిజయులు అడ్డం నిలబడి లోపలికి పోనివ్వలేదు. మునులు శపించారు. విష్ణువు బయటికి వచ్చి, సేవకుల తప్పు యజమానిదే, నాదే అన్నాడు. మాట మంచిదే. కానీ శాపం అనుభవించింది విష్ణువు కాదు. హిరణ్యాక్ష హిరణ్యకశిపులుగా, రావణ కుంభకర్ణులుగా, శిశుపాల దంతవక్త్రులుగా మూడు సార్లు పుట్టి మూడు సార్లు చచ్చింది ఆ ద్వారపాలకులే. నిన్నటిదాకా దేవుడి వాకిలి కాసినవాళ్ళు ఈ రోజు రాక్షసులయ్యారు, వాళ్ళని చంపడం ధర్మమైపోయింది.

ఇది కథ. చరిత్రలో జరిగింది ఇంకోటుంది. దక్షిణాదిలో చాలా ఊళ్ళలో కావలి పని ఎరుకల, యానాది లాంటి జాతులదే. ఊళ్ళో దొంగతనం జరిగితే అడుగుజాడ పట్టి పోయి సొత్తు తెచ్చివ్వాల్సిందీ వాళ్ళే. కంపెనీ దొరల కాలంలో పాత కావలి ఏర్పాట్లు పోయి పోలీసు వచ్చింది. 1871లో నేరస్థ తెగల చట్టం చేశారు. 1911లో దాన్ని మార్చి మద్రాసు రాజధానికి కూడా తెచ్చారు. ఎరుకల వాళ్ళని ఆ జాబితాకి ఎక్కించారు. వేలిముద్రలు, హాజరు పట్టీ, ఊరు దాటాలంటే అనుమతి. పుట్టిన బిడ్డ కూడా అనుమానితుడే. మద్రాసులో 1947లో ఆ చట్టం పోయింది. దేశమంతటా 1952 ఆగస్టు 31న పోయింది. ఇప్పటికీ పక్క ఊళ్ళో బైక్ పోతే ముందు ఎవరి గుడిసెకి జీపు వస్తుందో చదివేవాళ్ళకి నేను చెప్పనక్కర్లేదు.

శ్రీకాళహస్తిలో మన తిన్నడు ఉన్నాడు. కన్ను పెరికి ఇచ్చిన సంగతే అందరూ చెబుతారు. తమిళ పెరియ పురాణంలో ఇంకో సంగతి ఉంది. అడవిలో లింగం ఒక్కటే ఉందని భయపడి తిన్నడు విల్లు పట్టుకుని రాత్రంతా కాపలా నిలబడతాడు. ఎవరూ పెట్టుకోలేదు, ఎవరూ కూలి ఇవ్వలేదు. తెల్లారి పూజారి వచ్చి అక్కడ మాంసం చూసి, ఎవరో అపచారం చేశారని కుమిలిపోతాడు. రాత్రి కాసినవాడే పొద్దున అపచారం చేసినవాడు! ఇప్పుడు శివరాత్రి బ్రహ్మోత్సవాల్లో మొదటి ధ్వజారోహణం కన్నప్ప కొండ మీదే జరుగుతుంది. సంతోషమే. కన్ను ఇచ్చినాక దక్కిన గౌరవం అది. కన్ను ఇవ్వనివాళ్ళ సంగతేమిటని నాకు అనుమానం.

మా అవ్వ మాటకీ తాత పనికీ మధ్య నేను చాలా ఏళ్ళు ఊగాను. ఇప్పుడు నాకు అనిపిస్తున్నది ఇది. జబ్బు, పాము, పిశాచి వాకిట్లోకి వచ్చినప్పుడు కావలివాడు ఆలోచించనక్కర్లేదు. అస్సీరియా ఇంటి నేల కింద పాతిన కుక్క చేసిన పని అదే, అందులో తప్పు లేదు. కానీ వాకిట్లోకి మనిషి వచ్చినప్పుడు ఆలోచించొద్దని చెప్పే అధికారం ఏ యజమానికీ లేదు. కూలి ఇచ్చినంత మాత్రాన కావలివాడి కళ్ళు కూడా కొనుక్కున్నట్టు కాదు. జయవిజయుల తప్పు ఆపడం కాదు. ఎదుట ఉన్నది పిల్లలని చూసి కూడా బట్ట లేదనే ఒక్క గుర్తుతో తేల్చేయడం. మా తాత తోపుని గాలికి వదిలేయలేదు. పట్టుకున్నాడు, చూశాడు, చూసినాక వదిలాడు. అవ్వ అడిగిన మాటకి మాత్రం నా దగ్గర ఇప్పటికీ పూర్తి జవాబు లేదు. ఆలోచించే కావలివాడు దానికి ధర చెల్లిస్తాడు, ఆ ధరలో ఇంట్లో వాళ్ళ వాటా కూడా ఉంటుంది. అది దాచిపెట్టి తాతని గొప్పవాణ్ణి చేస్తే అవ్వకి అన్యాయం.

మన వాళ్ళ కావలి దేవతలు రాతివి కాదు. పాత రోజుల్లో యానాదులు పిడికెడు మట్టి పిసికి చెట్టు కింద అరుగు మీద పెట్టి దేవుడన్నారు. ఒక ఇటుక, ఒక రాయి, వేపాకు వేసిన నీళ్ళ కుండ చాలు. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో చివరికి అమ్మవారి పెద్ద ముఖం మట్టితో చేస్తారు. తెల్లారేలోపు దాన్ని పెళ్ళగిస్తే జనం ఆ మట్టి కోసం ఎగబడతారు. ఇంటికి తీసుకుపోయి దాచుకుంటారు. ఊరిని కాసే దేవత పిడికెడు పిడికెడుగా ఇళ్ళలోకి పోతుంది. దాని మీద ఎవరి శాసనమూ చెక్కడానికి వీలు పడదు. నిమ్రూద్‌లో రాతి దేవతలు ఇరవై ఎనిమిది వందల ఏళ్ళకి పైగా మిగిలి, 2015లో ఐసిస్ వాళ్ళు పెట్టిన పేలుడుకి చాలా వరకు పోయాయి. ఆ వార్త చదివి నేను బాధపడ్డాను. రాజు రాత ఎట్లాంటిదైనా, చెక్కిన చేతులు రాజువి కావు.

ఇక నా సంగతి. ఇది చెప్పకుండా పైన రాసిందంతా చెప్పే హక్కు నాకు లేదనిపిస్తుంది.

ట్రైనింగ్ అయి ఉద్యోగంలో చేరిన కొన్నేళ్ళకి, 2013 జూన్‌లో, నేను అప్పుడు పనిచేస్తున్న బడికి ఒక తల్లి కొడుకుని తీసుకుని వచ్చింది. చెరువు కట్ట మీద కొత్తగా గుడిసె వేసుకున్న కుటుంబం. మా వాళ్ళే. చూడగానే తెలుస్తుంది. పిల్లవాడికి పెద్ద సైజు చొక్కా ఒకటే ఉంది, నిక్కరు లేదు. పుట్టిన తేదీ సర్టిఫికెట్ అడిగాను, లేదంది. ఆధార్ అడిగాను, లేదంది. కుల ధృవీకరణ అడిగాను. అసలు ఆ కాగితం ఎట్లా ఉంటుందో ఆమె చూసి ఉండదు. "అవన్నీ తెచ్చుకుని రామ్మా" అన్నాను. కసరలేదు. మెల్లగానే చెప్పాను. ఆమె "సరే సామీ" అని పిల్లవాడి చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది.

వయసు రుజువు కాగితం లేదని ఏ బిడ్డకీ బడిలో ప్రవేశం కాదనకూడదని విద్యాహక్కు చట్టం 14వ సెక్షన్ చెబుతుంది. ఆ చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. నాకది తెలుసు. శిక్షణలో చదువుకున్నాను, ఇంకొకళ్ళకి చెప్పాను కూడా. ఆ రోజు నన్ను ఎవరూ ఆపమనలేదు. పేరు ఎక్కించి కాగితాలు లేకపోతే రేపు ఎవరైనా అడుగుతారేమో అనే భయం ఒకటి నాలో ఉంది, అంతే. అడగకముందే నేను జవాబు చెప్పేశాను. మా తాతకి ఎదురుగా ఆసామి ఉన్నాడు, నాకు ఎదురుగా ఎవరూ లేరు. వాకిట్లో ఆమె నన్ను "సామీ" అంది. మా తాత ఆసామిని పిలిచిన మాట అది. అప్పుడు నాకు తట్టలేదు.

ఉపాధ్యాయ మిత్రులకి ఒక్క మాట. మనలో చాలామంది మన జాతుల నుంచి మొదటగా వచ్చినవాళ్ళం. మనల్ని బడి వాకిట్లో నిలబెట్టారు. అది గౌరవమే. కానీ వాకిట్లో నిలబడినవాడి ఒంటి మీద ఎవరో ఒకరి రాత ఉంటుంది, దాన్ని మనం అప్పుడప్పుడూ చదువుకోవాలి. జూన్ నెలలో నేను ఇప్పుడు ముందు పేరు రాసుకుంటాను, పిల్లవాణ్ణి లోపల కూర్చోబెడతాను, అన్నం పెట్టిస్తాను. కాగితాల కోసం తర్వాత నేనే తిరుగుతాను. ఆధార్ సెంటర్‌కి తల్లీ బిడ్డని బండి మీద ఎక్కించుకుని పోయిన రోజులున్నాయి. కొన్నిసార్లు నెలలు పడుతుంది. కొన్నిసార్లు కాగితం వచ్చేలోపు ఇటుక బట్టీకో, కాయ కోతకో కుటుంబం వెళ్ళిపోతుంది. అయినా ఆ కొన్ని నెలలూ బిడ్డ లోపలే ఉంటాడు.

ఆ తల్లి కోసం వారం తర్వాత చెరువు కట్టకి వెళ్ళాను. పొయ్యి రాళ్ళు మూడు ఉన్నాయి, గుడిసె లేదు. ఎటు పోయారో పక్కవాళ్ళకీ తెలియదన్నారు. పిల్లవాడికి అప్పుడు ఐదేళ్ళుంటాయి. ఇప్పుడు ఏదో ఒక తోపులోనో బట్టీలోనో పని చేస్తూ ఉండాలి. ఆ రోజు ఆమెని మూడు కాగితాలు అడిగాను కానీ, బిడ్డ పేరు అడగలేదు.